చర్చి ఆవరణలో చేరిన పిల్లలు: కారంచేడు, చుండూరు దాడుల తర్వాత కౌమారుల మానసిక స్థితి - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సత్తెనపల్లి దాటి పడమరగా వెళ్ళేవారికి పల్నాడు ఎదురవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పటి నుంచి సత్తెనపల్లి కూడా పల్నాడు జిల్లాలోనిదే. ఈ ప్రాంతపు పిల్లలు ‘యుద్ధం’ అనే మాటను పాఠ్యపుస్తకంలో చదవడానికి ముందే పల్నాటి వీరుల కథలో వింటారు. కార్తీక మాసంలో కారంపూడిలో ఏటా వీరారాధన జరుగుతుంది. ఆ కథలో జనం నోట ఎక్కువగా నిలిచినవాడు బాలచంద్రుడు. అతని శౌర్యాన్ని పాడినవారు ఎందరో ఉన్నారు గాని, అతని వయస్సు దగ్గర ఆగి ఆలోచించినవారు తక్కువ. పేరులోనే ‘బాల’ శబ్దం ఉన్నా మనకు కత్తి కనబడినట్లు కుర్రవాడు కనబడడు.

ఈ వ్యాసం ఆ యుద్ధాన్ని గురించి కాదు. ఇప్పుడు యాభై దాటినవారి జ్ఞాపకంలో సజీవంగా ఉన్న రెండు దాడులను గురించి. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులోను, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులోను దళితులపై జరిగిన హత్యాకాండల చరిత్ర మన పాఠకులకు కొత్తది కాదు. ఈ రెండింటిపై సామాజిక, రాజకీయ, న్యాయ దృక్కోణాల నుంచి చాలా వ్రాశారు. నేను ఇక్కడ అడుగుతున్న ప్రశ్న చిన్నది. ఆ రోజున పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయస్సులో ఉన్నవారి మనసుల మీద అది ఏ ముద్ర వేసి ఉంటుంది? వారిని తన ఆవరణలో చేర్చుకున్న సంఘం వారికి ఏమి చేసింది, ఏమి చేయలేదు?

దీనిని యుద్ధ గాయం అనవచ్చునా అని కొందరు సందేహించవచ్చు. ఇక్కడ రెండు సైన్యాలు లేవు. ఆయుధం ఒక పక్షానిది, పరుగు మరొక పక్షానిది. అయితే 1996లో గ్రాసా మషెల్ ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదిక ఒక సంగతిని స్పష్టం చేసింది. ఈ కాలపు యుద్ధాలు సరిహద్దుల్లో కంటె ఊళ్ళలోనే ఎక్కువగా జరుగుతున్నాయి, పొరుగువాడే శత్రువుగా మారుతున్నాడు, అందులో నలిగిపోయేది పిల్లలు. ఆ మాటలు చదివినప్పుడు మన కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్ళు గుర్తుకు రాకుండా ఉండవు. పొలంలో తరుముతున్నవారి నుంచి పారిపోయే పద్నాలుగేళ్ళ పిల్లవాడి గుండెకు, తన మీదికి వచ్చినది సైన్యమా, ఊరివారా అనే తేడా పెద్దగా ఉండదు. ఒకవేళ ఉన్నా, ఆ తేడా అతనికి మేలు చేసేది కాదు. సైనికుడు యుద్ధం ముగిశాక వెళ్ళిపోతాడు, పొరుగువాడు ఊళ్ళోనే ఉంటాడు.

రెండు ఊళ్ళు, రెండు దారులు

కారంచేడులో గొడవ మంచినీటి చెరువు దగ్గర మొదలయింది. 1985 జూలై 16న మాదిగపల్లె వారు త్రాగే నీటిని అగ్రకులానికి చెందిన ఒక యువకుడు మురికి చేయగా, పల్లెకు చెందిన ఒక కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. అతనిని కొట్టబోతే నీళ్ళకు వచ్చిన ఒక యువతి అడ్డుపడింది. మరునాడు ఉదయం పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. బ్రతికినవారు దగ్గరి పట్టణమైన చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తల దాచుకున్నారు.

చుండూరులో కారణం ఇంకా చిన్నది. 1991 జూలై 7న సినిమా హాలులో చదువుకున్న ఒక దళిత యువకుని కాలు ముందు వరుసలోని అగ్రకుల యువకునికి తగిలింది. దానిపై తగాదా, ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, నెల తిరగకుండా ఆగస్టు 6న పోలీసులు ఊళ్ళో ఉండగానే దాడి. ఎనిమిది మంది హతులయ్యారు. మృతదేహాలను గోనె సంచులలో కుక్కి తుంగభద్ర డ్రైనులోను, కాలువలోను పడవేశారు. అవి దొరికేవరకు ఇళ్ళలోని పిల్లలకు తమవారు పారిపోయారో, పోయారో తెలియదు. మానసిక వైద్యులు అన్నిటికంటె కఠినమైనదిగా చెప్పే దుఃఖం ఇటువంటిదే. ఏడ్వడానికి కూడా ఇంకా హక్కు రాని దుఃఖం అది.

రెండు ఘటనల్లోనూ మొదటి మాట కుర్రవాళ్ళదే అని గమనించాలి. చెరువు దగ్గర అడిగినవాడు కుర్రవాడు. సినిమా హాలులో ఉన్నవారు కాలేజీ వయస్సు యువకులు. చుండూరు మృతుల్లో ఎక్కువమంది యౌవనస్థులే. తమకంటె కొద్దిపాటి పెద్దవాడైన అన్నకు జరిగినది చూసిన తమ్ముడు ఏమి గ్రహిస్తాడు? నోరు తెరవడం, చదువుకోవడం, తెల్లచొక్కా తొడుక్కుని మొదటి తరగతి టిక్కెట్టు కొనడం ప్రాణం మీదికి తెస్తాయని గ్రహిస్తాడు. పెద్దవారికి ఆ దాడి భయం కలిగించింది. కౌమారులకు భయంతో పాటు ఒక పాఠం కూడా నేర్పింది. అది నేర్పడానికే దాడి జరిగిందని నా అభిప్రాయం.

అయితే ఈ రెండు ఊళ్ళ వారు తర్వాత నడిచిన దారులు వేరు. కారంచేడు బాధితులు తిరిగి ఊరికి పోము అన్నారు. చర్చి ఆవరణలోని శిబిరం నుంచే ఉద్యమం పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో 1985 సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. బాధిత కుటుంబాలు చీరాలలో విజయనగర్ కాలనీ అనే పేరుతో కొత్త నివాసం ఏర్పరచుకున్నాయి. పల్లె పల్లెంతా కలిసికట్టుగా తరలివచ్చి ఒక్కచోట కాపురం పెట్టడం మన ప్రాంత చరిత్రలో అరుదైన విషయం.

చుండూరు వారు కూడా ఊరు విడిచి తెనాలిలో చర్చి ఆవరణలో ఆశ్రయం పొందారు. కాని చనిపోయినవారిని ఊరి బయట సమాధి చేయడానికి ఒప్పుకోలేదు. దళితవాడలోనే పూడ్చి, ఆ స్థలానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఏటా ఆగస్టు 6న అక్కడ సంస్మరణ జరుగుతుంది. అంటే కారంచేడు పిల్లలు పొరుగువారిని విడిచి పెరిగారు, చుండూరు పిల్లలు సమాధుల ప్రక్కన పెరిగారు.

ఏది మేలు? దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ యుద్ధ శిశుకేంద్రాలు నడిపి, బాంబుల మధ్య పెరిగిన పిల్లలను దగ్గరగా చూశారు. తల్లితో కలిసి బాంబుదాడిని అనుభవించిన పిల్లలకంటె, క్షేమం కోసమని తల్లినుంచి వేరుచేసి పల్లెలకు పంపిన పిల్లలు ఎక్కువగా క్రుంగిపోయారని వారు గమనించారు. పిల్లవాడు ప్రమాదాన్ని తన కళ్ళతో కాక తన పెద్దవారి ముఖంలో చదువుతాడు. ఈ వెలుగులో చూస్తే చీరాల శిబిరం గొప్ప మేలు చేసింది. అక్కడ ఇరుకు ఉంది, వర్షం ఉంది, రోగాలు ఉన్నాయి. అయినా తల్లి, అమ్మమ్మ, మేనమామ, పక్కింటి పిన్ని అందరూ ఉన్నారు. పైగా తమ పెద్దలు తలవంచకుండా మంత్రులతో, అధికారులతో మాట్లాడడం పిల్లలు చూశారు. ఆ దృశ్యానికి మందు విలువ ఉంది. ‘మేము తిరిగి పోము’ అన్న నిర్ణయాన్ని మనం ఇంతకాలం రాజకీయ నిర్ణయంగానే చదివాము. చంపినవారిని రోజూ దారిలో ఎదుర్కోవలసిన గతి పిల్లలకు తప్పించిన నిర్ణయంగా కూడా దానిని చదవవలసి ఉంది.

చుండూరు దారిలో మరొక మేలు ఉంది. అక్కడ మరణం దాచబడలేదు. సమాధి కళ్ళ ముందున్నది, సంవత్సరానికి ఒక రోజున ఊరంతా కలిసి ఏడుస్తుంది. ఉమ్మడిగా చేసిన దుఃఖం ఒంటరిగా మింగిన దుఃఖం కంటె తేలిక. కాని అదే ప్రతిరోజూ గాయాన్ని తాకే గుర్తు కూడా. ఒకే ఇంట్లో అన్నకు రక్తక్షేత్రం ధైర్యం ఇవ్వగా, చెల్లెలికి అటువైపు నడవాలంటే కాళ్ళు వణకవచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

‘జడుసుకున్నాడు’

మన భాషలో ఈ వ్యాధికి మాట లేకపోలేదు. గుంటూరు పల్లెల్లో పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తే, అన్నం సయించకపోతే, పిలిస్తే పలకకపోతే ‘జడుసుకున్నాడు’ అంటారు. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. క్రైస్తవులయితే పాస్టరుగారిని పిలిచి నూనె రాయించి ప్రార్థన చేయిస్తారు. ఈ మాటలో ఒక జ్ఞానం ఉంది. పిల్లవాడు చెడ్డవాడు కాలేదు, బయటినుంచి ఏదో అతనికి తగిలింది అని అది ఒప్పుకుంటుంది. ఆ మాట చిన్నపిల్లలకే పరిమితం కావడమే లోపం. పదహారేళ్ళ కుర్రవాడు జడుసుకున్నాడని ఎవరూ అనరు. అతనిని పొగరుబోతు అంటారు, సోమరి అంటారు, చదువు మీద శ్రద్ధ లేదంటారు.

వైద్యశాస్త్రం కూడా దీనిని ఆలస్యంగానే గుర్తించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోతకు చెదిరిన సైనికులను పిరికివారని శిక్షించిన సందర్భాలు ఉన్నాయి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికా సైనికుల వేదన తర్వాతనే, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో దీనికి ఒక పేరు చేర్చింది. ఆఘాతానంతర మానసిక రుగ్మత అని తెలుగు చేయవచ్చు. అప్పటికి అది పెద్దల రోగం. పిల్లల విషయంలో దారి చూపినది లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది బడిపిల్లలను బస్సుతో సహా అపహరించి, భూమిలో పూడ్చిన ఒక వాహనంలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. నాలుగేళ్ళ తర్వాత ఆమె మళ్ళీ వారిని కలిసినప్పుడు ఆ గాయం గుర్తులు లేని పిల్లవాడు ఒక్కడూ కనబడలేదు. ఆమె కనుగొన్న వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒకటి ఉంది. ఆ పిల్లలు తాము ఎక్కువ కాలం బ్రతుకుతామని అనుకోలేదు. పెళ్ళి, ఉద్యోగం, ముసలితనం అనేవి తమవరకు వస్తాయనే నమ్మకం వారిలో తెగిపోయింది.

1987లో వచ్చిన సవరణలో గాని ఆ గ్రంథం పిల్లల్లో కనబడే లక్షణాలను ప్రత్యేకంగా పేర్కొనలేదు. కారంచేడు పిల్లలు చర్చి ఆవరణలో పడుకున్న రాత్రికి ఇంకా రెండేళ్ళ తర్వాతి మాట ఇది. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలయింది. 1984 డిసెంబరు భోపాల్ దుర్ఘటన తర్వాతనే విపత్తు బాధితుల మనసులను గురించి మన వైద్యులు క్రమబద్ధంగా పని ప్రారంభించారు. కాబట్టి 1985లో చీరాల పాస్టరు ఎవరైనా ఈ సంగతులు ఎరిగి ఉండాలని అనడం న్యాయం కాదు. వారు గంజి కాచారు, గుడ్డలు పంచారు, రాత్రుళ్ళు కాపలా కాశారు. ఈనాడు మనకు తెలిసినది వారికి తెలిసే అవకాశం లేదు.

ఈనాడు తెలిసినది ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెల్లడించిన అంచనా ప్రకారం ఘర్షణ ప్రాంతాల్లో నివసించేవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. మిగిలిన నలుగురికి దుఃఖం లేదని కాదు. తమవారి తోడు, కడుపుకు తిండి, పిల్లలకు బడి, చేతికి పని, న్యాయం దొరుకుతుందన్న ఆశ ఉంటే ఎక్కువమంది క్రమంగా తేరుకుంటారు. కౌమారులలో ఈ గాయం పెద్దవారిలో వలె ఏడుపుగా బయటపడదు. జ్ఞాపకం చొరబడి నిద్ర పాడుచేస్తుంది, దానిని తప్పించుకోవడానికి వారు స్నేహితులను, దారులను, కొన్ని శబ్దాలను కూడా వదులుకుంటారు. చదివినది నిలవదు. కొందరు తండ్రి స్థానంలోకి వచ్చి పదిహేనేళ్ళకే ఇంటి బరువు మోస్తారు, లోకం వారిని మెచ్చుకుంటుంది, లోపల వారి బాల్యం ముగిసిపోతుంది. కొందరిని ‘వాడు పోయాడు, నేనెందుకు మిగిలాను’ అనే అపరాధ భావం తొలుస్తుంది. కొందరిలో పగ తీర్చుకోవాలన్న తలంపు తప్ప మరేదీ నిలవదు.

ఈ చివరి మాట దగ్గర చరిత్ర మౌనంగా లేదు. కారంచేడుకు బాధ్యుడంటూ 1989లో పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఒక భూస్వామిని చంపారు. దానిని విని ఎందరు కుర్రవాళ్ళ గుండె కుదుటపడింది, ఎందరికి కొత్త భయం పట్టింది అని లెక్క తీయలేము. మరొక దారి కూడా తెరచుకుంది. కారంచేడు తర్వాత యుక్తవయస్సుకు వచ్చిన తరం కలం పట్టింది. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవితా సంకలనం ఆ తరపు గొంతు. ఆ కవిత్వాన్ని మన వేదాంత కళాశాలల్లో నిరసన సాహిత్యంగా బోధిస్తున్నారు. నిద్రపట్టని పిల్లవాడు పెద్దవాడై తన నిద్రలేమికి మాటలు కనుగొన్న సాహిత్యంగా కూడా దానిని బోధించవచ్చును.

కోర్టు కాలం, పిల్లల కాలం

న్యాయం ఆలస్యమైతే అన్యాయమే అనే మాటను మనం ఉపన్యాసాల్లో వాడుతుంటాము. ఒక పిల్లవాని వయస్సుతో దానిని కొలిచి చూద్దాం. కారంచేడు కేసులో కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు కొట్టివేసింది, చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ళ జైలు విధించింది. దాడి నాటికి పదమూడేళ్ళ బాలునికి ఆ తీర్పు నాటికి 36 ఏళ్ళు. చుండూరు కేసు కోసం ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్ళోనే ఏర్పాటు చేశారు. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఒక సంవత్సరం శిక్ష విధించి, మిగిలిన 123 మందిని విడుదల చేసింది. 1991లో పదమూడేళ్ళ పిల్లకు అప్పటికి 29 ఏళ్ళు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటిని రద్దు చేసింది. అప్పటికి ఆమెకు 36. దానిపై సుప్రీంకోర్టులో అప్పీళ్ళు దాఖలయ్యాయి.

ఈ ఏళ్ళన్నీ సాక్షికి ఏమి పని? మరచిపోకుండా ఉండడం. డిఫెన్సు న్యాయవాది అడిగినప్పుడు ఏ చేతిలో ఏ ఆయుధం ఉన్నదో తడబడకుండా చెప్పాలి. మానాలంటే జ్ఞాపకం మెత్తబడాలి. సాక్ష్యం నిలవాలంటే జ్ఞాపకం పదునుగా ఉండాలి. ఒకే మనిషిని ఈ రెండూ చెరొక వైపు లాగుతాయి. దర్యాప్తు కమిటీలు, పత్రికలవారు, సంఘాల పెద్దలు వచ్చినప్పుడల్లా చెప్పిందే చెప్పించడం దీనికి తోడు. దాడి జరిగిన వెంటనే బాధితుల చేత అంతా వివరంగా చెప్పించడం మేలు చేయదని ఈనాడు నిపుణులు ఏకాభిప్రాయంతో అంటున్నారు. 2007లో అంతర్జాతీయ సంస్థలు కలిసి రూపొందించిన మార్గదర్శకాలు కూడా మొదట భద్రత, తిండి, తమవారి తోడు, దైనందిన క్రమం ఇమ్మని, చెప్పాలనుకున్నవాడు చెప్పినప్పుడు వినమని సూచిస్తున్నాయి.

ఇక్కడ సంఘం తన అలవాటును పరీక్షించుకోవాలి. మన కూడికల్లో సాక్ష్యం చెప్పించడం మంచి ఆచారమే. కాని తండ్రిని నరకగా చూసిన పిల్లను వేదిక మీద నిలబెట్టి, మైకు ఇచ్చి, చప్పట్ల మధ్య చెప్పించడం సాక్ష్యం కాదు. విదేశీ దాతలకు పంపే ఫొటోల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సంఘం చేతిలో ఉన్నవి

వేదాంతం ఈ కాలంలో మౌనంగా లేదు. 1980లలో అరవింద్ నిర్మల్ మొదలైనవారు దళిత వేదాంతానికి పునాది వేశారు, దళితుల వేదనయే దాని ఆరంభస్థానం అన్నారు. అది గొప్ప మేలు. అయితే ఆ వేదన చాలాసార్లు సమూహపు వేదనగానే ఉండిపోయింది. పరీక్షలో మూడుసార్లు తప్పిన ఒక్క కుర్రవాని వేదన అందులో చోటు వెదకుకోవలసి వస్తుంది.

బైబిలులో ఆ ఒక్కడు ఉన్నాడు. మెఫీబోషెతు ఐదేళ్ళవాడు. యెజ్రెయేలు నుంచి యుద్ధవార్త రాగానే దాది అతనిని ఎత్తుకుని పరుగెత్తింది, త్వరపాటులో పడవేసింది, అతడు రెండు కాళ్ళు కుంటివాడయ్యాడు (2 సమూయేలు 4:4). మనం అతని కథను దావీదు దయను బోధించడానికి వాడుకుంటాము. కాని తొమ్మిదవ అధ్యాయంలో రాజు ఎదుట అతడు తనను చచ్చిన కుక్కతో పోల్చుకుంటాడు. కాళ్ళు విరిగినది ఐదేళ్ళకు. పెద్దవాడై, ఒక కుమారుని తండ్రియై ఉన్నప్పటికీ తనను గురించి తాను చెప్పుకునే మాట అది. దావీదు అతనికి నీతి బోధించలేదు. పొలం తిరిగి ఇచ్చాడు, రోజూ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఆస్తి, తోడు, ప్రతిదినపు క్రమం. పైన చెప్పిన మార్గదర్శకాలు కోరుతున్నవి కూడా దాదాపు ఇవే.

దీనికి భిన్నంగా మన పరిచర్యలో రెండు తొందరపాట్లు కనబడతాయి. ఒకటి, మాటామంతీ లేకుండా కూర్చున్న పిల్లకు దయ్యం పట్టిందని తేల్చి, ఉపవాస కూటానికి తీసుకుపోయి గట్టిగా గద్దించడం. అరుపు విని అరుపుతో జబ్బుపడిన పిల్లకు ఇంకొక అరుపు మందు కాదు. రెండవది క్షమాపణ. హతుల రక్తం ఆరకముందే ‘క్షమించు నాయనా’ అని పదిహేనేళ్ళవానికి చెప్పడం, నీ కోపం పాపమని చెప్పడంతో సమానం. కీర్తనకారులు శత్రువులను గురించి దేవుని ఎదుట అన్న కఠినమైన మాటలను మనం ఆదివారపు పఠనంలో దాటవేస్తున్నాము. కోపాన్ని చెప్పుకునే చోటు దొరకని కుర్రవాడు దానిని వేరే చోట్ల వెళ్ళబోసుకుంటాడు.

ఇది గతించిన సంగతి మాత్రమే కాదు. 2024 మే 13 పోలింగు తర్వాత పల్నాడు జిల్లాలో చెలరేగిన గొడవల వల్ల 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. కక్షల భయంతో రాత్రికి రాత్రి ఊరు విడిచి బంధువుల ఇళ్ళకు చేరే కుటుంబాలు ఈ నేలకు కొత్త కాదు. పత్తి తీతకో మిరపకోతకో పోయే ఆ పిల్లల్లో ఎవరు నిద్రపోవడం లేదో మొదట తెలిసేది తల్లికి, తర్వాత పాస్టరమ్మగారికి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేసిన పాస్టరుగారే బస్సెక్కించి ఆసుపత్రికి తోడు వస్తే, ఆ కుటుంబానికి సిగ్గు సగం తగ్గుతుంది.

పరిశోధన చేయగోరే విద్యార్థులకు ఒక సూచన. సత్తెనపల్లి, నరసరావుపేట, చీరాల, తెనాలి ప్రాంతాల సంఘాల్లో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. 1985, 1991 సంవత్సరాలకు ముందు పదేళ్ళు, తర్వాత పదేళ్ళు తీసుకుని వధువుల వయస్సును, వరుని ఊరును, ఇతర సంఘాలకు ఇచ్చిన బదిలీ పత్రాలను వరుసగా వ్రాసి చూడండి. భయపడిన తల్లిదండ్రులు ఆడపిల్లకు త్వరగా పెళ్ళి చేస్తారు, మగపిల్లవాడిని దూరపు బంధువుల ఊరికి పంపుతారు. అది జరిగి ఉంటే ఆ పేజీలలో కనబడుతుంది. ఆ తరంవారిలో చాలామందికి ఇప్పుడు యాభై దాటాయి. రిజిస్టరు చూసిన తర్వాత వారి ఇంటికి వెళ్ళండి, నోటు పుస్తకం సంచిలోనే ఉంచి.